గేదె పలుపు తెంపుకుని పోయింది, కట్టేసినవి పోయాయి. జంతువులకి ఉప్పెన, సునామీ ముందే తెలుస్తాయా? మనం ఏం చూసి లేవాలి?

దివిసీమ_ఆడపడుచు:

అందరికీ నమస్తే అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది కోడూరు దగ్గర పల్లెటూరు, సముద్రం మా ఇంటికి ఐదారు కిలోమీటర్లు, అంతే. మా అబ్బాయి ఏడో తరగతి. మనుషులు, జంతువులు ప్రమాదాల నుంచి ఎలా కాపాడుకుంటారో రాసుకురమ్మని వాళ్ళ సైన్సు టీచరు చెప్పారంట, వాడు పుస్తకం పట్టుకుని నేరుగా మా నాయనమ్మ మంచం దగ్గరికెళ్ళి కూర్చున్నాడు.

ఆవిడకి ఎనభై దాటాయి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. మా ఊళ్ళో ఉప్పెన అంటే ఇప్పటికీ అదొక్కటే, ఏ సంవత్సరం అని ఎవరూ అడగరు. ఇన్నేళ్ళలో ఆవిడ మాకు చెప్పింది తాటిచెట్టు కథ ఒక్కటే. చీర కొంగుతో మా నాన్నని తనకి కట్టుకుని చెట్టు పట్టుకుని రాత్రంతా ఉందని. కానీ వాడు జంతువుల గురించి అడిగేసరికి వేరే సంగతి చెప్పింది, అది నేనే మొదటిసారి విన్నాను. అప్పుడు మాకు నాలుగు గేదెలు. ఆ రోజు మధ్యాహ్నం నుంచే అవి మేత ముట్టలేదంట, కుడితి పెట్టినా మూతి పెట్టలేదంట, గుంజ చుట్టూ తిరుగుతూ ఒకటే లాగుడు. గాలికి బెదిరాయేమో, ఎటన్నా పోతాయేమో అని ఆవిడే పలుపులు ఇంకో చుట్టు చుట్టి గట్టిగా ముడేసింది. ఒక పడ్డ మాత్రం సాయంత్రం తెంపుకుని ఉత్తరంగా కాలవగట్టు వైపు పరిగెత్తింది. మూడో రోజు అదొక్కటే తిరిగొచ్చింది. మిగతా మూడూ పాకలోనే, కట్టిన చోటే. "ఆ ముళ్ళు నేనే వేశానురా" అని పిల్లాడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది, వాడూ ఏడ్చాడు, ప్రాజెక్టు అక్కడే ఆగిపోయింది.

అప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. మాకు ఇప్పుడూ రెండు గేదెలు, ఒక దూడ ఉన్నాయి. వాట్సాప్‌లో ఏమో 2004 సునామీకి శ్రీలంకలో అడవి జంతువులన్నీ ముందే కొండెక్కేశాయి, ఒక్కటి కూడా చావలేదు అని తిరుగుతోంది. నిజమేనా? నిజమైతే మనకెందుకు తెలీదు? అబద్ధమైతే మరి మేం ఏం చూసి ఇంట్లోంచి లేవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్రాజెక్టు కోసమే కాదు, నాకోసం కూడా.

పశువైద్యం_ఒంగోలు:

అమ్మా, ముందుగా మీ నాయనమ్మగారికి ఒక మాట చెప్పండి, ఆవిడ తప్పేమీ లేదు. గాలివాన వస్తుంటే గొడ్లు ఎటన్నా పోతాయని కట్టేయడం ఊళ్ళో అందరూ చేసేదే. నేను తీరం మండలాల్లో ఇరవై ఏళ్ళకి పైగా పశువుల డాక్టరుగా తిరిగాను, ప్రతి తుఫాను తర్వాత చూసింది ఇదే, చచ్చినవాటిలో ఎక్కువ భాగం మెడకి పలుపుతో ఉన్నవే. నీళ్ళొస్తే గేదెకి ఈత మనం నేర్పక్కర్లేదు, బరువైన జంతువైనా బాగా ఈదుతుంది. కట్టేసి ఉంటే మాత్రం నీళ్ళు పలుపు పొడుగు దాటగానే అయిపోతుంది.

ఇక శ్రీలంక సంగతి. అది యాలా నేషనల్ పార్కు, దక్షిణం వైపు సముద్రం ఒడ్డునే ఉంటుంది. ఆ రోజు పార్కులో ఉన్న పర్యాటకులు చాలామంది పోయారు, జంతువుల కళేబరాలు మాత్రం చాలా తక్కువ కనిపించాయి. అంతవరకు నిజం. కానీ ఒక్కటి కూడా చావలేదు, అన్నీ ముందే లేచిపోయాయి అనేది జనం కలిపింది. ఎందుకంటే ఆ పార్కులో రెండు ఏనుగులకి అప్పటికే మెడకి శాటిలైట్ పట్టీలు ఉన్నాయి, అవి ఎక్కడ తిరుగుతున్నాయో పరిశోధకులు ముందునుంచీ రాసుకుంటున్నారు. 2006లో ఆ లెక్కలు బయటపెట్టారు. సునామీకి ముందు ఆ రెండూ ప్రత్యేకంగా పారిపోయినట్టు ఏమీ కనపడలేదు. రెండు ఏనుగులతో మొత్తం తేల్చేయలేం, కానీ వాట్సాప్ మెసేజి కంటే ఆ రెండు పట్టీలనే నేను నమ్ముతాను.

అలాగని వాటికి ఏమీ తెలీదని కాదమ్మా, ఇక్కడ జాగ్రత్తగా వినండి. భూకంపం వస్తే నేలలో రెండు రకాల కదలికలు బయల్దేరతాయి, మొదటిది సెకనుకి ఆరు కిలోమీటర్ల దాకా పోతుంది, చాలా నీరసంగా ఉంటుంది, మనకి కాళ్ళకింద తెలీదు. రెండోది అందులో సగం వేగమే కానీ ఇళ్ళు ఊపేది అదే. కుక్కలు, కోళ్ళు, పశువులు ఆ మొదటిదాన్నే పట్టేస్తాయి, అందుకే మనకి ఊపు తెలియడానికి కొన్ని సెకన్ల ముందు అవి గోల చేస్తాయి. దూరంగా వచ్చిన భూకంపమైతే ఆ తేడా ఇంకా ఎక్కువ. ఇంకోటి ఏంటంటే ఏనుగుకి మన చెవికి అందని బాగా లోతైన ధ్వని వినపడుతుంది. గాలిలో ధ్వని గంటకి పన్నెండు వందల కిలోమీటర్లు పోతుంది, సునామీ లోతు సముద్రంలో ఏడెనిమిది వందలు, అంటే అలకంటే చప్పుడే ముందొచ్చే అవకాశం ఉంది. కానీ చప్పుడు వినడం వేరు, అది నీళ్ళ గోడ అని తెలుసుకోవడం వేరు.

తుఫాను విషయంలో మాత్రం జంతువుల మాట ఇంకా గట్టిగా నమ్మొచ్చు. గాలి పీడనం పడిపోవడం వాటికి బాగా తెలుస్తుంది. 2001లో అమెరికాలో ఫ్లోరిడా దగ్గర ఒక తుఫాను తీరం దాటబోతుంటే, లోతులేని పాయలో ఉండే సొర పిల్లలు పీడనం పడగానే లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయాయి, తగ్గాక మళ్ళీ అదే చోటికి వచ్చాయి. వాటికి గుర్తుపట్టే పరికరాలు పెట్టి చూశారు కాబట్టి ఇది అనుమానం లేని సంగతి. 2014లో టెన్నెసీలో చిన్న పిట్టలు సుడిగాలుల వాన రావడానికి ఒక రోజు ముందే గూళ్ళ చోటు వదిలి వందల కిలోమీటర్లు పోయి తర్వాత తిరిగొచ్చాయి, వాటి మీద కూడా పరికరాలున్నాయి. అందుకని మీ నాయనమ్మగారి గేదెలు మధ్యాహ్నం నుంచే మేత మానేశాయంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. ఆ రోజు పీడనం అంతలా పడింది.

నేను చెప్పేదేంటంటే వాటికి భవిష్యత్తు తెలీదు, వొంటికి తేడా తెలుస్తుంది. తెలిసిన వెంటనే ఆ చోటు వదిలేస్తాయి, ఎందుకు ఏమిటి అని ఆగవు. కాకపోతే పోవడానికి దారి ఉండాలి. అస్సాంలో కాజీరంగా చూడండి, ఏటా బ్రహ్మపుత్ర పొంగితే ఏనుగులు, ఖడ్గమృగాలు, జింకలు అన్నీ దక్షిణంగా కార్బీ ఆంగ్లాంగ్ కొండలకి నడుచుకుంటూ పోతాయి, మధ్యలో నేషనల్ హైవే అడ్డం. అందుకని వరద రోజుల్లో అక్కడ లారీల వేగం తగ్గిస్తారు, పార్కు లోపల ఎత్తు మట్టి దిబ్బలు కూడా పోశారు. గేదెకి పలుపు ఎలాంటిదో వాటికి ఆ రోడ్డు అలాంటిది.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగోడు:

అక్కా, మీ పోస్టు చదివి ఆఫీసులోనే కళ్ళు తుడుచుకున్నా. మేం తెలుగువాళ్ళమే, మా తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి ఇక్కడికొచ్చారు, పోర్ట్‌బ్లెయిర్‌లో మనవాళ్ళు చాలామంది ఉంటారు, ఇప్పుడు ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ మా నోటికి ఇంకా పాతదే. 2004 డిసెంబరు 26న నాకు పన్నెండేళ్ళు. ఆదివారం, పొద్దున ఆరున్నరకి మంచం ఊగుతుంటే అమ్మ బయటికి లాక్కొచ్చింది. ఊపు ఎంతకీ ఆగలేదు, నిలబడలేక నేల మీద కూర్చున్నాం. ఆగాక అందరం ఏం చేశామో తెలుసా, గోడలు పగుళ్ళొచ్చాయా లేదా అని చూసుకున్నాం. సముద్రం గురించి ఒక్కరికి కూడా తోచలేదు. మాకు సునామీ అనే మాటే తెలీదు. నీళ్ళు జెట్టీ మీదకొచ్చి సిప్పీఘాట్ వైపు పొలాల్లోకి పోతుంటే అప్పుడు అరుస్తూ పరిగెత్తాం. ఆ పొలాలు మళ్ళీ బయటపడలేదు, నేలే కిందికి దిగిపోయింది. దక్షిణాన ఇందిరా పాయింట్ దగ్గరైతే నాలుగు మీటర్లకి పైగా దిగిపోయింది, లైట్‌హౌస్ కింద ఇప్పుడు సముద్రమే.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తా. అదే రోజు లిటిల్ అండమాన్‌లో ఓంగే అనే తెగవాళ్ళు, మొత్తం కలిపితే వందలోపే, భూమి ఊగగానే అడవిలోకి, ఎత్తుకి వెళ్ళిపోయారు, అందరూ బతికారు. అప్పుడు పేపర్లలో, టీవీల్లో అందరూ వీళ్ళకి ఆరో జ్ఞానం ఉంది, జంతువుల్లాగా పసిగడతారు అని చెప్పారు. నాకు ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడు ఇంకా నచ్చదు. వాళ్ళు పసిగట్టలేదు, వాళ్ళకి తెలుసు. నేల బాగా ఊగితే తర్వాత నీళ్ళొస్తాయని పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పుకుంటూ వచ్చారు. చదువుకున్న మాకు ఎవరూ చెప్పలేదు.

దీనికంటే గట్టి ఉదాహరణ సిములువే దీవి. ఇండోనేషియాలో, భూకంపం పుట్టిన చోటుకి బాగా దగ్గర. అక్కడ 1907లో ఒకసారి సునామీ వచ్చి చాలామంది పోయారు. బతికినవాళ్ళు దానికి "స్మాంగ్" అని పేరు పెట్టి పాటల్లో, జోల పాటల్లో కూడా పెట్టేశారు. నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే స్మాంగ్, కొండెక్కు, ఇంతే కథ. 97 ఏళ్ళు ఆ పాట ఊరికే పాడుకున్నారు. 2004లో ఆ దీవిలో జనం 78 వేలు, చనిపోయింది ఏడుగురు. లాంగీ అని ఒక ఊరు, ఎనిమిది వందల మంది, ఊపు ఆగిన ఎనిమిది నిమిషాలకి పది మీటర్లు దాటిన అల వచ్చింది, ఊరు తుడిచిపెట్టుకుపోయింది, మనిషి ఒక్కడు పోలేదు. ఎనిమిది నిమిషాల్లో ఏ సైరన్ మోగుతుంది అక్కా? ఎవడో ఒకడు స్మాంగ్ అని అరిచాడు, అంతే.

థాయ్‌లాండ్‌లో మోకెన్ అని సముద్రం మీదే బతికేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకీ మనుషుల్ని మింగే అల కథ ఉంది, సురిన్ దీవుల్లో సముద్రం వెనక్కి పోవడం చూసి పెద్దవాళ్ళు ఊరందర్నీ గుట్టమీదికి తోలారు. అదే దేశంలో ఫుకెట్ బీచిలో టిల్లీ స్మిత్ అనే ఇంగ్లండు పాప, పదేళ్ళది, రెండు వారాల కిందట స్కూల్లో చెప్పిన పాఠం గుర్తొచ్చి నీళ్ళు నురగలు కక్కడం చూసి అమ్మానాన్నలతో గొడవపెట్టుకుంది, సుమారు వంద మంది బీచి ఖాళీ చేశారు. పాటైనా పాఠమైనా పని ఒకటే.

మీ అబ్బాయి ప్రాజెక్టుకి ఇది రాయమనండి. మనకి ఉప్పెన అనే మాట ఉంది, అది తుఫానుతో వచ్చే నీళ్ళు, గాలి చూసి లేస్తాం. గాలి లేకుండా, ఎండ కాస్తుండగా, నేల ఊగి వచ్చే నీళ్ళకి తెలుగులో మాట లేదు. అందుకే జపాన్ మాట తెచ్చుకున్నాం, అదీ అందరూ పోయాక.

ప్రగతినగర్_పోరడు:

అన్నా నువ్వు చెప్పిన మాట వంద శాతం కరెక్టు. నేను హైదరాబాద్‌ల ఉంట, సముద్రం ఐదు గంటల దూరం, కానీ మా గల్లీ దగ్గర్నే సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది, చానా మందికి తెల్వదు. ప్రగతినగర్ దిక్కు, ఇన్‌కాయిస్ అంటరు. 2004ల మన దేశానికి ఏ హెచ్చరిక లేకుండె, గది అయినంక 2007 అక్టోబర్‌ల ఇది పెట్టిన్రు. కాలేజీల ఉన్నప్పుడు మమ్మల్ని లోపలికి తీస్కపోయి చూపెట్టిన్రు, గోడ నిండా స్క్రీన్లు, పగలు రాత్రి మనుషులు కూసోనే ఉంటరు.

పని ఎట్లుంటదంటే, హిందూ మహాసముద్రంల ఎక్కడ పెద్ద భూకంపం అయినా పది నిమిషాలల్ల మొదటి బులెటిన్ ఇడుస్తరు. కానీ భూకంపం అయిందంటే సునామీ వచ్చినట్టు కాదు. గందుకే సముద్రం అడుగున నీళ్ళ బరువు కొలిచే యంత్రాలు పెట్టిన్రు, అల మీదికెళ్ళి పోతే బరువుల తేడా వస్తది, గది పైన తేలే బోయకు, ఆడికెళ్ళి శాటిలైట్‌కు, ఆడికెళ్ళి ఈడికి. లోతు సముద్రంల గా అల ఒక మీటరు కూడ ఉండది, కంటికి కనవడదు, కానీ కింది దాక నీళ్ళు మొత్తం కదుల్తయి కదా, యంత్రానికి దొరుకుతది. రేవులల్ల నీటి మట్టం కొలిచేవి వేరే ఉంటయి.

2012 ఏప్రిల్ 11 యాదికున్నదా? సుమత్రా దగ్గర్నే 8.6 వచ్చింది, చెన్నైల, వైజాగ్‌ల బిల్డింగులు ఊగినయి, మల్ల 2004 లెక్క అయితదని అందరు ఉరికిన్రు. కానీ గప్పుడు నేల పక్కకు జరిగింది, పైకి లేవలే, నీళ్ళను ఎత్తలే. గా సంగతి యంత్రాలు చూసి మన తీరానికి పెద్ద ముప్పు లేదని చెప్పగలిగిన్రు. ఉరికినోళ్ళు తప్పు చేసిన్రని నేను అనను, ఉరకాల్సిందే.

అక్కా మీకు ముఖ్యం ఏందంటే టైం. సుమత్రా కాడ పుట్టిన అల మన ఆంధ్ర తీరానికి రావాల్నంటే రెండు గంటల పైనే పడ్తది. గన్ని నిమిషాలల్ల ఫోన్‌కు అలర్టు వస్తది, 2023ల అందరి ఫోన్లు ఒక్కసారి బీప్ బీప్ అని మోగినయి కదా, గదే సిస్టమ్. అండమానోళ్ళకు గంత టైం ఉండది, వాళ్ళకు భూమి ఊగుడే సైరన్. ఇంకో మాట, ఇండోనేషియాల 2018 డిసెంబర్ 22న అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క కూలి సముద్రంల పడితే రాత్రిపూట సునామీ వచ్చింది, నేల గట్టిగ ఊగనే లేదు. గందుకే ఒక్క గుర్తు మీదనే బతకొద్దు.

ఉద్దానం_వలకాడు:

అక్కా మాది సిక్కోలు జిల్లా, ఉద్దానం ఒడ్డు, మా నాన్న, బాబాయిలు అందరూ వేటకెళ్తారు. నేను చదూకోని ఉజ్జోగం చేస్తన్నాను గానీ సెలవులకి బోటు ఎక్కుతాను. మా ఒడ్డున ముసలోళ్ళు తుఫాను ఎలా పట్టేస్తారంటే, కెరటం మారిపోద్ది, గాలి లేకుండానే పొడుగు పొడుగు కెరటాలు దూరం నుంచి వస్తాయి, నీటి రంగు బురద తిరుగుద్ది, సముద్రం మూలుగుద్దని అంటారు. రేడియోలో మచిలీపట్నం రేవులో ఒకటో నెంబరు ప్రమాద సూచిక ఎగరేసినారు అని చెప్పకముందే మా తాత బోటు పైకి లాగించీసేవోడు. కానీ అదే తాత 2004లో ఏటీ పట్టలేదు. ఆ రోజు సముద్రం మామూలుగానే ఉన్నాదంట, నడిసంద్రంలో ఉన్నోళ్ళకైతే ఏదీ తెలీనే లేదు, ఒడ్డుకొచ్చి చూస్తే బోట్లు రోడ్డు మీద ఉన్నాయి. అందుకే ఇప్పుడు మావోళ్ళందరికీ చెప్పింది ఏటంటే, లోతులో ఉన్నప్పుడు సునామీ కబురొస్తే ఒడ్డుకి రావద్దు, ఇంకా లోతుకి పోవాలి. ఒడ్డున ఉన్నోడు మాత్రం బోటు కోసం, వల కోసం వెనక్కి రాకూడదు.

ఈ రెండోదే కష్టం అక్కా. వల అంటే మాకు అప్పు. మీ గేదెల్లాగే. మొదటి కెరటం పోయాక వలలు తీసుకుందామని దిగినోళ్ళే తమిళనాడులో ఎంతోమంది పోయారు. ఒక కెరటానికీ ఇంకోదానికీ మధ్య పది నిమిషాలు ఉండొచ్చు, గంట కూడా ఉండొచ్చు, మొదటిదే పెద్దదని రూలేటీ లేదు. ఇంకోటి, సముద్రం వెనక్కి పోతేనే సునామీ అని అందరూ అంటారు కదా, అటు థాయ్‌లాండ్ వైపు మొదట వెనక్కి పోయింది, ఇటు మన వైపు మొదటే పైకి వచ్చింది, వెనక్కి పోవడం తర్వాత. వెనక్కి పోయేదాకా చూద్దాం అని నిలబడితే ఇటు పక్కన మన పని అయిపోయినట్టే.

చెట్ల సంగతి కూడా చెప్పాలి. తమిళనాడులో నాలువేదపతి అని ఊరు, 2002లో గిన్నిస్ రికార్డు కోసం ఒక్క రోజులో 80,244 మొక్కలు నాటినారు, రెండేళ్ళకి సునామీ వస్తే ఆ తోటే ఊరికి అడ్డం నిలబడ్డాది. మావైపు సరుగుడు తోటలు ఉంటే ఇసుక, గాలి ఆగుద్ది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు జీడి, కొబ్బరి నేలమట్టం అయిపోనాయి, ఇప్పటికీ కోలుకోలేదు, కానీ మనుషులు షెల్టర్లకి పోయి బతికినారు. ఒరిస్సాలో వెంకట్రాయపురం, నోలియాసాహి అని రెండు ఊళ్ళకి 2020లో యునెస్కో వాళ్ళు సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళు అని గుర్తింపు ఇచ్చినారు, హిందూ మహాసముద్రం మొత్తంలో మన దేశానిదే మొదటిది. నోలియా అంటే ఒరియావాళ్ళు మన తెలుగు జాలర్లని పిలిచే పేరే. అక్కడ ఊరి మ్యాపు గోడ మీద గీసి, ఎటు పరిగెత్తాలో బాణాలు వేసి, పిల్లలతో సహా డ్రిల్లు చేస్తారు.

దివిసీమ_ఆడపడుచు:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. మా అబ్బాయికి ఇదంతా చదివి వినిపించాను, స్మాంగ్ అనే మాట వాడికి బాగా పట్టేసింది, ఇందాకట్నుంచి ఇల్లంతా తిరుగుతూ అదే అంటున్నాడు. ఒక్క సంగతి మాత్రం అడుగుతాను. అందరూ కొండెక్కు, గుట్టెక్కు అంటున్నారు. మా దివిసీమలో కొండ ఎక్కడుంది అండి? కృష్ణ రెండు పాయల మధ్య పళ్ళెంలా ఉంటుంది మా నేల. 77లో నీళ్ళు ఐదారు మీటర్లు లేచి పది పదిహేను కిలోమీటర్లు లోపలికి వచ్చేశాయి. నడవలేని నాయనమ్మ, గేదెలు, ఇద్దరం ఆడవాళ్ళం, మా ఆయన గల్ఫ్‌లో. మాకు ఎత్తు అంటే ఏంటి?

లంకరైతు_కోనసీమ:

అక్కా ఈ ప్రశ్నకి నేను చెప్తానండి, మాదీ పళ్ళెమే, గోదావరి లంక. మాకు ఎత్తంటే ఏటిగట్టు. వరదొస్తుందంటే మా పిల్లలు కూడా లెక్కలు చెప్పేస్తారండి, భద్రాచలంలో 43 అడుగులు ఒకటో హెచ్చరిక, 48 రెండు, 53 మూడు, ధవళేశ్వరంలో పదకొండు ముప్పావు, పదమూడు ముప్పావు, పదిహేడు ముప్పావు. భద్రాచలంలో రెండోది దాటిందంటే మాకు ఇంకా ఒక పూట పైన టైం ఉందని అర్థం, ఇంక మేం టీవీ చూడమండి, ముందు గొడ్లని పడవెక్కించి గట్టు మీదకి చేర్చేస్తాం, తర్వాత ముసలోళ్ళు, తర్వాత బియ్యం. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు గట్టు పొడుగునా గొడ్లే. గొడ్లు ముందు ఎందుకంటే అవి లంకలో ఉంటే మగాళ్ళెవరూ కదలరండి, వాటికోసం ఆగిపోతారు. మీ ఉప్పెనలో కూడా చాలామంది అలాగే ఆగుంటారు.

మీకు పక్కా బిల్డింగు రెండో అంతస్తు, తుఫాను షెల్టరు, స్కూలు డాబా, ఇవే కొండలు. ఈ రోజే నడిచి చూడండి, నాయనమ్మగారిని తీసుకెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్లో టైం పెట్టుకుని. 1977కి, 1990కి తేడా అదేనండి. 90 మే నెలలో మచిలీపట్నం దగ్గర్లోనే అంత పెద్ద తుఫాను దాటింది, ఆరు లక్షల మందికి పైగా ముందే కదిలించారు, పోయినవాళ్ళు తొమ్మిది వందల పైచిలుకు. 77లో పది వేలకి పైనే.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగోడు:

లంకరైతు అన్న చెప్పింది బాగుంది, ఒక్క ముక్క కలుపుతా. జపాన్‌లో తీరం ఊళ్ళల్లో "తెన్‌దెన్‌కో" అనే మాట ఉంది, ఎవరికి వారు పరిగెత్తండి, ఒకళ్ళ కోసం ఒకళ్ళు వెనక్కి రావద్దు అని. వినడానికి కటువుగా ఉంటుంది. కానీ దాని వెనక నమ్మకం ఏంటంటే, అమ్మ కూడా పరిగెత్తే ఉంటుంది అని పిల్లాడికి ముందే తెలియాలి, పిల్లాడు పరిగెత్తే ఉంటాడని అమ్మకి తెలియాలి. 2011లో కమాయిషిలో స్కూలు పిల్లలు దాదాపు మూడు వేల మంది అలాగే బతికారు, పెద్ద పిల్లలు చిన్న పిల్లల చెయ్యి పట్టుకుని ఎత్తుకి ఉరికారు, ముందు అనుకున్న చోటు సరిపోదని చూసి ఇంకా పైకి పోయారు. కాబట్టి అక్కా, మీ అబ్బాయి స్కూల్లో ఉన్నప్పుడు కబురొస్తే మీరు వాడికోసం రోడ్డు మీద ఎదురెళ్ళకుండా, వాడు స్కూలు డాబా ఎక్కుతాడు, మీరు నాయనమ్మని తీసుకుని షెల్టరుకి పోతారు అని ఇంట్లో కూర్చుని ఒప్పందం చేసుకోండి. నడవలేనివాళ్ళని ఎవరు మోస్తారో ఆ పేరు కూడా ముందే అనుకోవాలి.

పశువైద్యం_ఒంగోలు:

అమ్మా, గేదెల సంగతి నాకు వదిలేయండి. మూడు పనులు చెప్తాను. తుఫాను హెచ్చరిక వచ్చి మూడో నెంబరో పైనో ఎగరేశారంటే గొడ్లని ముందే గట్టు వైపు తోలేయండి, తోలలేకపోతే పలుపు మెడలోంచే తీసేయండి, గుంజ దగ్గర విప్పి వదిలేస్తే ఆ తాడు కొమ్మకో కంచెకో చిక్కుకుంటుంది. పాక తలుపు, తడిక బార్లా తీసి ఉంచండి. ఇవాళ్టి నుంచే మామూలు ముడి వద్దు, జారుముడి వేయండి, చీకట్లో ఒక్క లాగుతో ఊడిపోవాలి. మీ అబ్బాయికి నేర్పండి, వాడి చేతికి అలవాటు అవ్వాలి. తిరిగొచ్చినప్పుడు గుర్తుపట్టడానికి చెవికి పోగు వేయించండి, మీ పశువుల ఆసుపత్రిలో వేస్తారు.

దివిసీమ_ఆడపడుచు:

డాక్టరుగారూ, ఇప్పుడే పాకలోంచి వస్తున్నాం. జారుముడి నాకు రాదు, మావాడికీ రాదు. నాయనమ్మని కుర్చీతో సహా మోసుకెళ్ళి పాకలో కూర్చోబెట్టాం, ఆవిడే వేసి చూపించింది. చేతులు వణుకుతున్నా ముడి మాత్రం ఒక్కసారికే పడింది. వాడు కళ్ళు మూసుకుని లాగి చూశాడు, ఊడింది. పది సార్లు చేయించింది. స్కూలు డాబాకి రేపు నడిచి టైం చూస్తాం. ఇంకొక్కటి చెప్పండి, మా దూడకి రెండు నెలలే, తల్లిని వదిలేస్తే అది వెనకాలే పోతుందా, లేక దాన్ని మాతోపాటు షెల్టరుకి తీసుకెళ్ళాలా?

పశువైద్యం_ఒంగోలు:

తల్లితోనే వదలండమ్మా, గాలి మొదలవ్వకముందు, పగటిపూటే. తల్లి గట్టు వైపు దారి పట్టాలంటే ఆ దారి దానికి ముందే అలవాటు ఉండాలి, అందుకని వారానికి రెండు మూడు సార్లు మేతకి అటే తోలుకెళ్ళండి.